సిడ్నీ కూలీల పేటలో ప్రజల దవాఖానా

ఆస్ట్రేలియా అనగానే మనవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది క్రికెట్టు. సిడ్నీలో మ్యాచ్ ఉందంటే సెలవు రోజున గదిలో ఉన్నవాళ్ళంతా టీవీ చుట్టూ చేరతారు. ఆ సిడ్నీ గ్రౌండుకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే రెడ్‌ఫర్న్ అనే పేట ఉంది. అది ఒకప్పుడు పక్కా కూలీల పేట. రైల్వే వర్క్‌షాపు, చుట్టూ ఫ్యాక్టరీలు, ఇరుకు ఇళ్ళు, ఒక్కో ఇంట్లో రెండు మూడు కుటుంబాలు. 1971లో ఆ పేట జనం ఒక చిన్న దుకాణం గది తీసుకుని అందులో దవాఖానా తెరిచారు. చేతిలో డబ్బు లేదు. సర్కారు అండ లేదు. అయినా ఆ దవాఖానా ఇవాళ్టికీ నడుస్తోంది. ఊరు విడిచి, ఇల్లు విడిచి, పని కోసం దూరం వచ్చిన మనలాంటి వాళ్ళు తెలుసుకోదగిన చరిత్ర అది.

సొంత దేశంలోనే పరాయివాళ్ళు

ఈ దవాఖానా పెట్టినవాళ్ళు ఆస్ట్రేలియా ఆదివాసులు. అబోరిజినల్ ప్రజలంటారు. యాభై వేల ఏళ్ళకు పైగా ఆ నేల మీద బతుకుతున్నవాళ్ళు. 1788 జనవరి 26న బ్రిటిష్ ఓడలు సిడ్నీ తీరానికి వచ్చాయి. మరుసటి ఏడాదే మశూచి వచ్చి ఆ చుట్టుపక్కల ఆదివాసులను పెద్ద సంఖ్యలో పొట్టన పెట్టుకుంది. తర్వాత భూములు పోయాయి. మిగిలినవాళ్ళను మిషన్లలో, రిజర్వులలో ఉంచారు. ఎక్కడ ఉండాలో, ఎవరిని పెళ్ళి చేసుకోవాలో కూడా చాలాచోట్ల అధికారులే తేల్చేవారు. పిల్లలను తల్లుల ఒడిలోంచి తీసుకుపోయి అనాథాశ్రమాల్లో పెంచారు.

జీతాల సంగతి వింటే మన కడుపు కూడా మండుతుంది. ఆదివాసి కూలీల జీతంలో కొంత, కొన్నిసార్లు మొత్తం, ప్రభుత్వ ఖాతాలో జమ చేసేవారు. తమ డబ్బు తాము తీసుకోవాలన్నా అధికారిని బతిమాలాలి. చాలామందికి అది తిరిగి చేతికి రాలేదు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఆదివాసుల మీద పెత్తనం చేసిన సంక్షేమ బోర్డు 1969లో గానీ రద్దు కాలేదు.

1960లలో ఈ జనం పల్లెల నుంచి పని వెతుక్కుంటూ రెడ్‌ఫర్న్‌కు రావడం ఎక్కువైంది. ముందు వచ్చినవాడు తన ఊరివాళ్ళను పిలిపించుకునేవాడు. అన్న దగ్గరికి తమ్ముడు, మేనమామ దగ్గరికి అల్లుడు. మన ఊళ్ళ నుంచి మనం వచ్చిన తీరు కూడా ఇదే కదా!

దవాఖానా ఉన్నా పోలేని రోజులు

సిడ్నీలో ఆసుపత్రులు లేవా అంటే ఉన్నాయి. పెద్ద పెద్దవే ఉన్నాయి. కానీ రెడ్‌ఫర్న్ ఆదివాసులు వాటి గడప తొక్కేవారు కాదు. కారణాలు మూడు.

ఒకటి డబ్బు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో పౌరులందరికీ మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది. అది 1984లో వచ్చింది. దానికి ముందు 1975లో మెడిబ్యాంక్ వచ్చింది. 1971లో ఈ రెండూ లేవు. డాక్టరుకు ఫీజు కట్టాలి, లేదా సొంతంగా బీమా కొనుక్కోవాలి.

రెండోది భయం. పల్లెల్లో కొన్ని ఆసుపత్రుల్లో ఆదివాసులను వేరుగా పడుకోబెట్టేవారు. బిడ్డకు జబ్బు చేసిందని తీసుకుపోతే, నీకు పెంచడం చేతకాదని బిడ్డనే లాక్కుంటారేమోనని తల్లులు వణికేవారు. ఆ భయం ఉత్తినే పుట్టింది కాదు. వాళ్ళ కళ్ళముందు జరిగిందే.

మూడోది సిగ్గు. చిరిగిన బట్టలతో, సరిగా రాని మాటతో కౌంటర్ ముందు నిలబడితే అక్కడివాళ్ళు చూసే చూపు. ఆ చూపు కంటే జ్వరమే నయమనుకుని ఇంట్లోనే పడి ఉండేవారు.

ఒక దుకాణం గది

1970లో రెడ్‌ఫర్న్ ఆదివాసి యువకులు ముందుగా ఉచిత న్యాయ సహాయ సంస్థను మొదలుపెట్టారు. పోలీసు కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళకు వకీళ్ళను ఏర్పాటు చేయడం దాని పని. అందులో క్షేత్ర కార్యకర్తగా పనిచేసినవాడు గోర్డన్ బ్రిస్కో. చిన్నతనమంతా ఆశ్రమాల్లో గడిచినవాడు, ఫుట్‌బాల్ ఆడినవాడు. తర్వాతి కాలంలో చదువుకుని చరిత్రకారుడయ్యాడు. కేసుల పని మీద ఇళ్ళకు వెళితే ఆయనకు ఎక్కడ చూసినా మంచం పట్టిన మనుషులే కనిపించారు. వకీలు కంటే ముందు వీళ్ళకు డాక్టరు కావాలని ఆయనకు అర్థమైంది.

ఆయన ఆ మాటను ఫ్రెడ్ హాలోస్ అనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. హాలోస్ న్యూజీలాండ్‌లో పుట్టి, సిడ్నీలో పనిచేస్తున్న పెద్ద వైద్యుడు. మాట కటువు, మనసు మెత్తన. ఆదివాసి పెద్దలు, యువకులు, కొందరు డాక్టర్లు కలిసి కూర్చుని మాట్లాడుకున్నారు. 1971 జూలైలో రెడ్‌ఫర్న్ రీజెంట్ స్ట్రీట్‌లో ఒక దుకాణం గదిలో అబోరిజినల్ మెడికల్ సర్వీస్ మొదలైంది. డాక్టర్లు, నర్సులు జీతం లేకుండా వచ్చి రోగులను చూసేవారు. ఆదివాసుల చేతిలో, ఆదివాసుల కోసం నడిచిన మొదటి ఆరోగ్య సంస్థ ఆ దేశంలో ఇదే.

అమ్మ షర్లీ

ఈ కథలో మరచిపోకూడని మనిషి షర్లీ స్మిత్. 1921లో కౌరా దగ్గర మిషన్‌లో పుట్టింది. చిన్నప్పటి నుంచి మూర్ఛ జబ్బు. అందువల్ల బడి చదువు సాగలేదు. ఆమె అన్నదమ్ముల్లో ఒకరు జైలుకు వెళితే చూడటానికి వెళ్ళేది. అతను విడుదలయ్యాక కూడా ఆమె వెళ్ళడం మానలేదు, ఎందుకంటే లోపల పలకరించే దిక్కులేని పిల్లలు ఇంకా ఉన్నారు. ఖైదీకి నువ్వేమవుతావని జైలు వాళ్ళు అడిగితే అమ్మనని చెప్పేది. అలా ఊరందరికీ ‘మమ్ షర్ల్’ అయింది. మన భాషలో చెప్పాలంటే షర్లమ్మ. ఇల్లులేని పిల్లలను 60 మందికి పైగా తన దగ్గర ఉంచుకుని పెంచింది.

దవాఖానా మొదలుపెట్టినవాళ్ళలో షర్లమ్మ ఒకరు. ఆమెకు వైద్యం రాదు. కానీ ఏ సందులో ఏ ముసలాయన దగ్గుతున్నాడో, ఏ బాలింత తిండి లేక ఉందో ఆమెకు తెలుసు. డాక్టరు దగ్గర మందు ఉంది, ఆమె దగ్గర జనం నమ్మకం ఉంది. ఆ రెండూ కలిశాకనే దవాఖానా నడిచింది.

డల్సీ ఫ్లవర్ అనే నర్సు మరొకరు. టారెస్ జలసంధి దీవుల మూలాలున్న ఆమె మొదట్లో స్వచ్ఛందంగా పనిచేసి, తర్వాత ఆదివాసి యువతీ యువకులను ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దే శిక్షణకు పునాది వేసింది. బీపీ చూడటం, గాయం కడగటం, మందు ఎలా వేసుకోవాలో సొంత మాటల్లో చెప్పటం, పెద్ద ఆసుపత్రికి పోవాల్సి వస్తే తోడు వెళ్ళటం ఈ కార్యకర్తల పని. నవోమీ మేయర్స్ 1972లో చేరి, దాదాపు నాలుగు దశాబ్దాలు సంస్థ నిర్వహణ చూసింది. అంతకు ముందు ఆమె సఫైర్స్ అనే పాటల బృందంలో గాయని. ఆ బృందం కథ 2012లో సినిమాగా కూడా వచ్చింది.

పెత్తనం ఎవరిది?

పని పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది. ప్రభుత్వం దగ్గరికి వెళ్ళక తప్పలేదు. అక్కడే అసలు పేచీ వచ్చింది. డబ్బు ఇచ్చేవాడు సహజంగా లెక్క అడుగుతాడు, ఆ తర్వాత పెత్తనం కూడా అడుగుతాడు. లెక్క చెబుతాం గానీ పెత్తనం ఇవ్వబోమని రెడ్‌ఫర్న్ వాళ్ళు పట్టుబట్టారు. సంస్థను నడిపే కమిటీని ఆదివాసులే ఎన్నుకోవాలి, డాక్టరు ఎంత పెద్దవాడైనా ఆ కమిటీ మాట వినాలి. ఇది మొండితనం కాదు. నూటయాభై ఏళ్ళకు పైగా తమ మంచి కోసమేనంటూ ఇతరులు చేసిన నిర్ణయాల ఫలితం వాళ్ళు చూసి ఉన్నారు.

ఈ పద్ధతి త్వరగానే పాకింది. 1973లో మెల్బోర్న్ ఫిట్జ్‌రాయ్‌లో, అదే ఏడాది ఎడారి మధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇలాంటి సంస్థలు పుట్టాయి. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు సమావేశమై, ఆరోగ్యం ప్రజల గడప దగ్గర మొదలు కావాలని, దాని నిర్వహణలో ప్రజలకు పాలు ఉండాలని తీర్మానించాయి. రెడ్‌ఫర్న్ జనం ఆ పని అంతకు ఏడేళ్ళ ముందే చేసి చూపించారు. ఇలాంటి సంస్థల జాతీయ సమాఖ్య 1992లో ఇప్పటి రూపానికి వచ్చింది. అందులో నేడు 140కి పైగా సంస్థలున్నాయి.

మందు ఒక్కటే చాలదు

డాక్టరు హాలోస్ అంతకు ముందే 1968లో ఉత్తరాన వేవ్ హిల్‌కు వెళ్ళాడు. అక్కడ 1966లో విన్సెంట్ లింగియారి నాయకత్వాన పశువుల కాపరులు జీతం కోసం, భూమి కోసం పని మానేసి కూర్చున్నారు. వాళ్ళ కళ్ళు చూసి హాలోస్ ఉలిక్కిపడ్డాడు. ట్రకోమా అనే అంటువ్యాధి. పదేపదే సోకితే రెప్ప లోపలి పొర మచ్చ కడుతుంది, వెంట్రుకలు లోపలికి తిరిగి నల్లగుడ్డును గీరుతాయి, చివరికి చూపు పోతుంది. ధనిక దేశాల్లో ఈ జబ్బు దాదాపు మాయమైన రోజులవి.

1976 నుంచి హాలోస్ నాయకత్వంలో వైద్య బృందాలు మారుమూల ఊళ్ళన్నీ తిరిగి సుమారు లక్ష మంది కళ్ళు పరీక్షించాయి. ఆదివాసి కార్యకర్తలు ముందు వెళ్ళి ఊరి పెద్దలతో మాట్లాడాకే డాక్టర్లు వెళ్ళేవారు. అందులో తేలిన సత్యం ఒకటే. ముఖం కడుక్కోవడానికి నీళ్ళు లేని చోట, ఒకే గదిలో పదిమంది పడుకునే చోట, చుక్కల మందు వేసినా జబ్బు మళ్ళీ వస్తుంది. నీళ్ళు, ఇల్లు, తిండి కూడా వైద్యంలో భాగమే. మన భారతదేశంలో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. అక్కడా మందుతో పాటు శుభ్రమైన నీరు, పరిశుభ్రత పనిచేశాయి.

అయితే అంతా గెలిచేశారని చెప్పడం అబద్ధమవుతుంది. 2020-22 లెక్కల ప్రకారం ఆస్ట్రేలియా ఆదివాసి మగవాళ్ళ సగటు ఆయుర్దాయం మిగతావారికంటే 8.8 ఏళ్ళు, ఆడవాళ్ళది 8.1 ఏళ్ళు తక్కువ. రెండు శతాబ్దాల గాయాన్ని ఒక దవాఖానా మాన్పలేదు. కానీ అది లేకపోతే ఎందరో గడప దాటకుండానే పోయేవారు.

మన గదిలో షర్లమ్మ ఎవరు?

అన్నలారా, తమ్ముళ్ళారా, ఇదంతా ఎందుకు చెప్పుకున్నామంటే, ఆ మూడు కారణాలు మనకూ తెలిసినవే. డబ్బు, భయం, సిగ్గు. డ్యూటీ పోతే జీతం కోస్తారని జ్వరాన్ని దాచుకుంటాం. భాష రాక, కౌంటర్ దగ్గర ఏం చెప్పాలో తెలియక వెనక్కి తిరుగుతాం. షుగరు ఉందని ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పం. ఎండలో పనిచేసి నీళ్ళు తక్కువ తాగి కిడ్నీల మీదికి తెచ్చుకుంటాం.

మనం దవాఖానా కట్టలేకపోవచ్చు. పరాయి దేశంలో సంఘం పెట్టడానికి అక్కడి చట్టం ఒప్పుకోకపోవచ్చు. కానీ రెడ్‌ఫర్న్ వాళ్ళు గది తెరవక ముందు చేసిన పని మనమూ చేయగలం. వాళ్ళు ముందు ఇంటింటికీ వెళ్ళి ఎవరు మంచం పట్టారో చూశారు. మన గదిలో ఎవరికి బీపీ ఉంది, ఎవరికి షుగరు ఉంది, ఎవరు ఏ గోలీ వేసుకుంటున్నారు అన్నది పక్కమంచం వాడికైనా తెలిసి ఉండాలి. మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి హెల్త్ కార్డుతో పాటు పెట్టుకోవాలి. హిందీయో, అరబ్బీయో, ఇంగ్లీషో నాలుగు ముక్కలు వచ్చిన తమ్ముడు ఒకడు రోగి వెంట వెళ్ళాలి. ఛాతీ నొప్పి వచ్చినా, ఎండదెబ్బకు మాట తడబడినా తెల్లారేదాకా చూడకుండా వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేయాలి.

షర్లమ్మ దగ్గర డిగ్రీ లేదు, డబ్బు లేదు. ఎవరికేమవుతావని అడిగితే అమ్మనంది, ఆ మాట మీద నిలబడింది. రేపు మన గదిలో ఎవరైనా దుప్పటి కప్పుకుని డ్యూటీకి లేవకపోతే, బస్సుకు ఆలస్యమవుతుందని వెళ్ళిపోకుండా ఒకసారి నుదురు మీద చెయ్యి వేసి చూడండి. నువ్వెవరని ఎవరైనా అడిగితే, వాడి అన్ననని చెప్పండి.