కొండకు పేరైన హోపి బిడ్డ

మన గూడేల చుట్టూ ఉన్న ప్రతి గుట్టకూ ఒక పేరు ఉంటుంది. ఆ పేరు వెనుక ఒక దేవతో, ఒక పెద్దమనిషో, ఒక చెట్టో ఉంటుంది. బయటివాళ్ళు వచ్చి పటం గీసినప్పుడు ఆ పేర్లు మారిపోతుంటాయి. కొన్ని పలకడం రాక మారతాయి. కొన్నిచోట్ల మనల్ని చులకన చేసే పేరే రికార్డుకెక్కుతుంది.

అమెరికా ఆదివాసులకూ ఇదే అనుభవం. అరిజోనా రాష్ట్ర రాజధాని ఫీనిక్స్‌లో ఒక కొండను చాలా ఏళ్ళు 'స్క్వా పీక్' అని పిలిచారు. 'స్క్వా' అంటే అక్కడి ఆదివాసీ స్త్రీలను కించపరచడానికి తెల్లవాళ్ళు వాడిన మాట. ఇప్పుడు ఆ కొండ పేరు 'పియెస్టెవా పీక్'. అది లోరీ పియెస్టెవా అనే ఆదివాసీ సైనికురాలి పేరు.

లోరీ హోపి తెగ బిడ్డ. హోపిలు అరిజోనాలోని ఎత్తైన రాతి మిట్టల మీద ఊళ్ళు కట్టుకుని, వాన తక్కువ పడే నేలలో మొక్కజొన్న పండించుకుని బతికినవాళ్ళు. వారి నేల చుట్టూ నవాహో తెగ భూములు ఉన్నాయి. లోరీ పెరిగిన ట్యూబా సిటీ ఆ నవాహో ప్రాంతంలోదే. ఆమె తాత రెండో ప్రపంచ యుద్ధంలో, తండ్రి వియత్నాం యుద్ధంలో పనిచేశారు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికా ఆదివాసులందరికీ పౌరసత్వం వచ్చింది 1924లో. అరిజోనాలో వారికి ఓటు హక్కు దక్కింది 1948లో. అంటే ఓటు లేని రోజుల్లోనే ఆ రాష్ట్ర ఆదివాసులు ఆ దేశం తరఫున రెండు ప్రపంచ యుద్ధాల్లో పోరాడారు.

ఇద్దరు చిన్న పిల్లల తల్లి అయిన లోరీ కూడా సైన్యంలో చేరింది. ఆమెది ముందు వరసలో పోరాడే దళం కాదు. వాహనాలూ యంత్రాలూ బాగుచేసే 507వ మరమ్మతుల కంపెనీ. 2003 మార్చిలో అమెరికా ఇరాక్‌పై దాడి చేసినప్పుడు ఈ కంపెనీ కూడా పెద్ద కాన్వాయ్ వెనుక బయలుదేరింది. బరువైన లారీలు ఇసుకలో కూరుకుపోయాయి, కొన్ని చెడిపోయాయి. వాటిని లాక్కుంటూ, సరిగా నిద్ర లేకుండా నడుస్తూ, చివరికి 33 మంది సైనికులు, 18 వాహనాలు మిగతావారి నుంచి వెనకబడిపోయారు.

మార్చి 23 తెల్లవారుజామున ఆ వాహనాలు దారి తప్పి నాసిరియా పట్టణంలోకి వెళ్ళిపోయాయి. తప్పు తెలుసుకుని వెనక్కి తిరిగేసరికి కాల్పులు మొదలయ్యాయి. లోరీ హంవీ అనే సైనిక వాహనం నడుపుతోంది. పక్కన ఆమె పై అధికారి, ఫస్ట్ సార్జెంట్ రాబర్ట్ డౌడీ. కాల్పుల నుంచి తప్పించుకోవడానికి ఆ బండిని ముందుకు ఉరికించి వెళ్ళిపోవచ్చు. వాళ్ళు అలా వెళ్ళలేదు. చెడిపోయిన లారీ దగ్గర చిక్కుకున్న జెస్సికా లించ్ అనే సైనికురాలిని ఎక్కించుకున్నారు. ఆమె లోరీ ప్రాణ స్నేహితురాలు. తర్వాత ఆగిపోయిన మరో బండి దగ్గర ఇంకో ఇద్దరిని ఎక్కించుకున్నారు. తుపాకీ గుళ్ళ మధ్య లోరీ బండి నడుపుతూనే ఉంది. ఇంతలో ఒక రాకెట్ గ్రెనేడ్ తగిలింది. హంవీ అదుపు తప్పి, ఆగి ఉన్న పెద్ద లారీని గుద్దుకుంది. అందులో ఉన్న అయిదుగురిలో ప్రాణాలతో మిగిలింది జెస్సికా ఒక్కతే. తలకు గాయమైన లోరీ ఇరాక్ సైనికులకు చిక్కి, కొద్దిసేపటికే చనిపోయింది. అప్పుడు ఆమెకు 23 ఏళ్ళు. ఆ రోజు కాన్వాయ్‌లో 11 మంది చనిపోయారు. అమెరికా సైన్యం తరఫున యుద్ధంలో ప్రాణం విడిచిన తొలి ఆదివాసీ మహిళగా లోరీని గుర్తు చేసుకుంటారు.

తర్వాత జరిగింది ఇంకా ఆలోచించదగ్గది. ఏప్రిల్ 1న జెస్సికాను ఆసుపత్రి నుంచి విడిపించారు. ఆమె తూటాలు అయిపోయేదాకా ఒంటరిగా పోరాడిందని పత్రికలు రాశాయి. దేశమంతా ఆమె పేరే మోగింది. లోరీ పేరు వెనక్కిపోయింది. కానీ జెస్సికా ఆ కీర్తిని తీసుకోలేదు. తన తుపాకీ పనిచేయలేదనీ, తాను ఒక్క గుండూ కాల్చలేదనీ చెప్పింది. 2007లో అమెరికా చట్టసభ ముందు నిలబడి, ఆపదలో ఉన్నవారిని ఎక్కించుకున్న లోరీ, డౌడీ వంటివారే నిజమైన వీరులని చెప్పింది. తన కూతురికి లోరీ ఆన్ పేరులోని 'ఆన్' కలిపి పెట్టుకుంది.

కొండ పేరు మార్చాలని ఆదివాసులు ఎన్నో ఏళ్ళు అడుగుతూ వచ్చారు. లోరీ మరణం తర్వాత 2003లోనే అరిజోనా రాష్ట్రం ఆ కొండకు ఆమె పేరు పెట్టింది. మనిషి చనిపోయి అయిదేళ్ళు నిండాలన్న నియమం వల్ల కేంద్ర పటాల్లో ఆ పేరు 2008లో ఎక్కింది. 2022లో 'స్క్వా' అనే మాటను సుమారు 650 ప్రభుత్వ స్థలాల పేర్ల నుంచి తొలగించారు. అప్పుడు ఆ శాఖ మంత్రి డెబ్ హాలండ్ కూడా ఆదివాసీ మహిళే.

ఈ కథ చెప్పేటప్పుడు మనం రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మొదటిది, యుద్ధాన్ని పొగడకూడదు. నాసిరియా ప్రజలకు ఆ కాన్వాయ్ తమ నేల మీదికి వచ్చిన పరాయి సైన్యం. ఆ యుద్ధానికి కారణంగా చూపిన మారణాయుధాలు తర్వాత దొరకనేలేదు. సొంత నేల పోగొట్టుకున్న జాతి బిడ్డ ఇంకొకరి నేల మీద ప్రాణం విడవడంలోని బాధను మనం దాటవేయకూడదు. రెండోది, మనవాళ్ళ కథ కదా అని పెంచి చెప్పకూడదు. లోరీ శత్రువులను చంపిందని చెప్పనక్కరలేదు. తోటివారిని వదిలి పోకుండా బండి నడిపింది. అదే ఆమె ధైర్యం, అది చాలు.

మనకూ ఇలాంటివారు ఉన్నారు. 1971 యుద్ధంలో గంగాసాగర్ వద్ద ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందిన ఆల్బర్ట్ ఎక్కా జార్ఖండ్‌కు చెందిన ఒరావ్ ఆదివాసి. ఆ పేరు మన బడుల్లో ఎంతమంది పిల్లలకు తెలుసు?

తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఈ పాఠం చెప్పిన రోజు పిల్లలకు ఇంటిపనిగా రెండు ప్రశ్నలు ఇవ్వండి. మన గుట్టకు పెద్దలు పెట్టిన పేరేమిటి? మన ఊరి నుంచి సైన్యానికి వెళ్ళినవారు ఎవరు? తాతమ్మలను, ముత్తాతలను అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నోటు పుస్తకంలో రాయమనండి. జెస్సికా నిజం చెప్పబట్టే లోరీ చేసిన పని లోకానికి తెలిసింది. మనవాళ్ళ సంగతి చెప్పవలసింది మనమే.