పురేయా తెచ్చిన కుక్క

తహితీ ద్వీపం, మతవాయ్ తీరం. 1769 జూన్ 20.

తెల్లవారగానే పురేయా మళ్లీ ఇంగ్లీషువాళ్ల డేరాల దగ్గరికి వచ్చింది. ముందు రాత్రి ఆమెను లోపల పడుకోనివ్వలేదు. వాళ్లే రాణి అని పిలుచుకునే మనిషి, తన పడవలోనే రాత్రంతా గడపాల్సొచ్చింది. గొడవంతా బట్టల గురించి. మే నెలాఖరులో జోసెఫ్ బ్యాంక్స్ ఆమె పడవలో నిద్రపోతుంటే అతని కోటూ గీటూ ఎవరో కొట్టేశారు. వాటిని తెచ్చిస్తుందనుకుంటే రాత్రి ఉత్తచేతులతో వచ్చింది.

ఇప్పుడు మాత్రం బోలెడంత తిండి మోయించుకొచ్చింది. అందులో ఒక బలిసిన కుక్క.

ఇక్కడివాళ్లు కుక్కను తింటారనీ, పందికంటే అదే రుచంటారనీ బ్యాంక్స్ అప్పటికే విన్నాడు. ఇరవయ్యారేళ్ల కుర్రాడు, డబ్బున్నవాడు, కనిపించిన మొక్కనల్లా ఎండబెట్టి దాచే ప్రకృతి పరిశోధకుడు. ఇంగ్లండు నుంచి తన వేటకుక్కలు రెండింటిని ఎండీవర్ ఓడలో వెంట తెచ్చుకున్నాడు కూడా. అయినా వెనకాడలేదు.

కోయడం, వండటం రెండూ తుపాయా తన మీద వేసుకున్నాడు. రాయతేయా ద్వీపపు పూజారి, సముద్రం మీద దారులెరిగినవాడు; తర్వాత ఇదే ఓడలో వీళ్లతో బయల్దేరాడు. కత్తి ముట్టలేదు. కుక్క మూతి, ముక్కు చేతులతో గట్టిగా మూసి పట్టుకున్నాడు. ప్రాణం పోవడానికి పావుగంట పైనే పట్టింది. అంతసేపూ బ్యాంక్స్ మొహం ఎటు తిప్పుకున్నాడో డైరీలో లేదు. సమయం మాత్రం లెక్కగట్టి రాశాడు!

మంట మీద బొచ్చు కాల్చి, ఆలిచిప్పతో గీకి, అదే చిప్పతో పొట్ట చీల్చారు. పేగులు సముద్రంలో శుభ్రంగా కడిగి, నెత్తురుతో కలిపి కొబ్బరిచిప్పల్లో పెట్టారు. కాలిన రాళ్లు పరిచి, వాటిమీద కుక్కను ఉంచి ఆకులతో కప్పేశారు. రెండు గంటల్లో ఉడికింది. ఇంకో పావుగంటలో ఏమీ మిగల్లేదు.

ఓడ కెప్టెన్ జేమ్స్ కుక్‌కీ నచ్చింది. ఇంగ్లండు గొర్రెపిల్ల మాంసం తర్వాత ఇదేనని తిన్నవాళ్లలో చాలామంది ఒప్పుకున్నారట. అయితే ఆయనా, బ్యాంక్సూ ఇద్దరూ ఒకే మాట జోడించారు: ఇక్కడి కుక్కలు కొబ్బరి, సీమపనస, దుంపలు తిని పెరుగుతాయి కాబట్టి ఈ రుచి, మన కుక్కలైతే ఇలా ఉండవు. మాట నిజమే కావచ్చు. కానీ నాకు అది సంజాయిషీలా వినిపిస్తుంది. నాలుక ఒప్పేసుకుంది, ఊళ్లో జనానికి చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

పురేయా తెచ్చిన కానుకలు పనిచేశాయి, రాజీ కుదిరింది. ఆమె మాత్రం వాళ్లతో కలిసి తిని ఉండకపోవచ్చు; మగవాళ్ల సరసన కూర్చుని ఆడవాళ్లు తినడం అప్పట్లో ఆ ద్వీపంలో ఆచారం కాదు.

కుక్‌కి కుక్కమాంసం మరోసారి పళ్లెంలోకి వచ్చింది 1774లో, రెండో యాత్రలో. దక్షిణాన మంచుగడ్డల దాకా వెళ్లి తిరిగొస్తూ కడుపు జబ్బుతో మంచం పట్టాడు. ఓడలో తాజా మాంసం ఇంకేదీ లేదు. శాస్త్రవేత్త ఫోర్‌స్టర్ ముద్దుగా చూసుకునే కుక్కను కోసి చారు కాచారు. మరేదీ సయించని కెప్టెన్ ఆ చారూ తాగాడు, మాంసమూ తిన్నాడు. ఆ కుక్క ఏం తిని పెరిగిందో ఈసారి రాయలేదు. యూరప్‌లో చాలామందికి కడుపులో తిప్పే తిండి తనకు బలమిచ్చిందని రాసుకున్నాడు, అంతే.