పులికాట్ జలమార్గంలో పడవ: వాహనమా, నివాసమా?

తిరుపతి ప్రాంత చరిత్రను కొండ, కోవెల, చెరువు ఆధారంగా రాయడం ఆనవాయితీ. అందులో జలయానం ప్రస్తావన వచ్చేది దాదాపు తెప్పోత్సవ సందర్భంలోనే. ఫాల్గుణ పౌర్ణమితో ముగిసే అయిదు రోజులు తిరుమల స్వామి పుష్కరిణిలో ఉత్సవమూర్తులు తెప్పపై విహరిస్తారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి, అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేట, తడ ప్రాంతాలు ఇందులో చేరడంతో ఈ చరిత్రకు ఉప్పునీటి అంచు ఒకటి ఏర్పడింది. స్థానికులు ప్రళయకావేరి అని పిలుచుకొనే పులికాట్ సరస్సు, దాని గుండా సాగే బకింగ్‌హాం కాలువ ఇప్పుడు జిల్లా చరిత్రలో భాగాలు. వీటి మీద బతికినవారికి పడవ కేవలం వాహనమా, లేక నివాసం కూడానా అన్న ప్రశ్నను చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. కాలువ గురించిన రచనలలో పొడవు, ఖర్చు, సరకు కనిపించినంతగా మనుషులు కనిపించరు.

కాలువ నిర్మాణం ఒక్కసారిగా జరిగినది కాదు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వరకు తవ్విన తొలి భాగం బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి పేర కాక్రేన్ కాలువగా ప్రసిద్ధి పొందింది. తర్వాత అది పులికాట్ సరస్సు దాకా సాగింది. 1837లో ప్రభుత్వం దానిని తన అధీనంలోకి తీసుకొని ఉత్తరానికి, దక్షిణానికి పొడిగించింది. 1876–78 నాటి మహాక్షామంలో కరువు పనిగా మద్రాసు నగరంలో అడయారు, కూవం నదులను కలుపుతూ సుమారు 8 కిలోమీటర్ల కాలువ తవ్వించారు. నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు మొత్తం జలమార్గానికి స్థిరపడింది. ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం వరకు దాని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో అధిక భాగం నేటి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది.

ఈ మార్గంలో ఉప్పు, వంటచెరకు ముఖ్యమైన సరకులు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకుంటే గడ వేసేవారు. అదీ సాగనిచోట మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగేవారు. పులికాట్ సగటు లోతు మీటరుకు అటూ ఇటూ కనుక అడుగు చదునుగా ఉన్న పడవలే ఇక్కడ పనికివచ్చేవి. ఈశాన్య రుతుపవనాలతో కాళంగి, ఆరణి నదులు పొంగి సరస్సు విస్తరిస్తుంది. వేసవిలో నీరు తగ్గి, ఉప్పదనం పెరిగి, బురద బయటపడుతుంది. ఇటువంటి మార్గంలో ప్రయాణానికి ఇన్ని రోజులని ముందుగా చెప్పడం కష్టం. లాకుల దగ్గర వంతు కోసం, గాలి కోసం, నీటిమట్టం కోసం నిరీక్షణ తప్పదు. ఆ నిరీక్షణ కాలమంతా పడవవారి వంట, నిద్ర పడవలోనో దాని పక్క గట్టు మీదనో గడవవలసిందే. రవాణా చరిత్ర దీనిని 'ఆలస్యం' అంటుంది. సామాజిక చరిత్రకు ఇది జీవనం.

ఇక్కడ ఒకే సామ్రాజ్యంలోని రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చూడాలి. మద్రాసులో కరువు కూలీలు కాలువ తవ్వుతున్న 1877లోనే బ్రిటిష్ పార్లమెంటు కాలువ పడవల చట్టం చేసింది. పడవలలో కాపురముంటున్న కుటుంబాల ఇరుకును, పిల్లల నిరక్షరాస్యతను కోల్‌విల్‌కు చెందిన జార్జ్ స్మిత్ పుస్తకంగా, ఉద్యమంగా ముందుకు తెచ్చిన ఫలితమిది. నివాసంగా వాడే ప్రతి పడవను నమోదు చేయాలని, అందులో ఎందరు ఉండవచ్చో పత్రంలో రాయాలని ఆ చట్టం శాసించింది. పడవ నమోదైన ఊరినే బడి విషయంలో పిల్లల నివాసస్థలంగా గుర్తించింది. ఇల్లు కదులుతున్నా చిరునామా ఒకటి దొరికిందన్నమాట. 1884లో సవరణతో తనిఖీ బలపడింది. ఆ చట్టం వెనుక దయతోపాటు సంచారజీవుల పట్ల అనుమానం కూడా ఉంది. అయినా పడవను ఇల్లుగా అది ఒప్పుకొంది. పదమూడేళ్ళ తర్వాత వచ్చిన 1890 నాటి మద్రాసు కాలువలు, పబ్లిక్ రేవుల చట్టం దృష్టి వేరు. సుంకం, లైసెన్సు, మార్గానికి అడ్డంకులు దాని ప్రధాన విషయాలు. ఇక్కడ పడవ సుంకం చెల్లించవలసిన వాహనమే.

ఈ తేడాను వలస పాలన నిర్లక్ష్యంగా మాత్రమే వివరిస్తే సగం నిజమే అవుతుంది. ఇంగ్లండులో రైళ్ళ పోటీతో రాబడి తగ్గిన పడవవారు ఒడ్డున అద్దె భరించలేక, కూలి మనిషిని పెట్టుకోలేక, భార్యాబిడ్డలను పడవ ఎక్కించారు. పులికాట్‌లో ఒడ్డున ఊరుండటమే నీటి మీద హక్కుకు మూలం. సరస్సు దక్షిణ భాగమైన పళవేర్కాడు మత్స్యకారులలో 'పాడు' అనే కట్టుబాటు ఉంది. (తెలుగులో ఆ మాటకున్న చెడు అర్థంతో దీనికి సంబంధం లేదు.) వేటస్థలాలను చీట్లు వేసి వంతులవారీగా పంచుకొనే ఆ పద్ధతిలో వంతు దక్కేది కులానికి, ఊరికి చెందిన సభ్యుడికే. ఊరు వదిలి పూర్తిగా పడవనే ఇల్లు చేసుకొన్నవాడికి అందులో చోటుండదు. కాశ్మీరు జీలం మీద డోంగా పడవలలో కుటుంబాలు తరతరాలు కాపురమున్నట్లు ఇక్కడ జరగకపోవడానికి నిస్సార జలాల కంటే ఈ సామాజిక నియమమే బలమైన కారణంగా తోస్తుంది. అయితే ఒడ్డున ఇల్లున్నంత మాత్రాన నీటి మీద గడిపిన నెలలు లెక్కలోకి రానివి కావు.

జనగణన కూడా ఆ నెలలను పట్టుకోలేకపోయింది. 1881 ఫిబ్రవరి 17 రాత్రి దేశమంతటా ఒకేసారి జరిగిన లెక్కింపులో పడవలకు, ప్రయాణికులకు ప్రత్యేక ఏర్పాట్లు చేశారు. ఫిబ్రవరి అంటే వానలు వెనుకబట్టి, సరస్సులో ఇంకా నీరున్న కాలం. ఆ రాత్రి పడవలో దొరికినవాడు పడవ జనాభాలో చేరాడు. ఏడాదిలో ఎన్ని రాత్రులు అలా గడిపాడన్నది ఆ ప్రశ్నావళికి అవసరం లేకపోయింది.

తూర్పుతీర రైలుమార్గం వచ్చాక కాలువ ప్రాధాన్యం తగ్గింది. అయినా శ్రీహరికోట అడవుల వంటచెరకు మద్రాసు పొయ్యిలకు చాలాకాలం పడవల మీదే వెళ్ళింది. 1965, 1966 తుపానులు కాలువను బాగా దెబ్బతీశాయి. మరికొన్నేళ్ళకే శ్రీహరికోట రాకెట్ కేంద్రమైంది. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి తొలి రాకెట్ ఎగిరింది. సూళ్ళూరుపేట నుంచి సరస్సు మీదుగా వేసిన రోడ్డు దీవిని ఒడ్డుతో కలిపింది. ఈ మార్పులకు లోనైన తెలుగు బతుకుల జాడలు శాసన పత్రాలలో కంటే స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు'లో ఎక్కువ దొరుకుతాయి. ప్రాంతీయ చరిత్ర పరిశోధకులు దానిని సాహిత్యపు అలమరలోనే ఉంచడం విచిత్రం.

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను గోదావరి, కృష్ణా నదీభాగాలతో కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. బకింగ్‌హాం కాలువ మళ్ళీ ప్రణాళికలకెక్కింది. వాటిలోనూ చర్చ ఎక్కువగా లోతు, వెడల్పు, సరకు టన్నుల చుట్టూనే తిరిగింది.