బరికి ఇవతల కెమెరా

కృష్ణా డెల్టా పల్లెల్లో సంక్రాంతి కోడిపందేలకు పందెం కాసేవారు పుంజును బరిలో దింపకముందే దాని ఈకల రంగు, కాళ్ల పట్టు, కంటి చురుకు నిదానంగా పరిశీలిస్తారు. కుక్కుట శాస్త్రమనే గ్రంథం పుట్టింది కూడా ఈ పరిశీలన కోసమే. పోరాటానికి ముందే పోరాడేవారిని దగ్గరగా చూడాలన్న ఈ కోరిక మనుషుల పోటీలకూ వర్తిస్తుంది. వృత్తి ముష్టియోధుడిని, అంటే పతకం కోసం కాక పారితోషికం కోసం బరిలోకి దిగే బాక్సర్‌ను, పోటీకి ముందు చిత్రీకరించే ఆనవాయితీకి మూలం అక్కడే ఉంది. అయితే ఆ ఆనవాయితీ కళాభిరుచి వల్ల మొదలు కాలేదు. తొలినాటి కెమెరాల అశక్తత, చట్టాల నిషేధం, టిక్కెట్ల వ్యాపారం కలిసి దానికి రూపమిచ్చాయి.

1894లో థామస్ ఎడిసన్ సంస్థ న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్ ఆరెంజ్‌లో బాక్సింగ్‌ను చిత్రించిన గది, నల్లని తారుకాగితం కప్పి, ఎండ ఎటుంటే అటు తిప్పుకునేలా గుండ్రని పట్టాపై నిలిపిన కట్టడం. ఆ ఏడాది జూన్‌లో మైకేల్ లియోనార్డ్, జాక్ కుషింగ్ అక్కడ ఆరు రౌండ్లు తలపడినప్పుడు, ఫిలిం చుట్ట ఎంతసేపు తిరుగుతుందో రౌండు కూడా అంతసేపే సాగింది. సాధారణంగా మూడు నిమిషాలుండే రౌండు నిమిషానికి కుదించుకుపోయింది. తరువాత ఆ ఆరు రౌండ్లను న్యూయార్క్‌లో ఆరు కైనెటోస్కోపులలో, అంటే ఒక్కరే కన్ను ఆనించి చూడవలసిన చెక్కపెట్టెలలో, రౌండుకు ఇంత అని రుసుము వసూలు చేసి చూపారు. ఆటకు కెమెరా లొంగలేదు, కెమెరాకే ఆట లొంగింది అన్న మాట ఇక్కడ అక్షరసత్యం.

1897 మార్చి 17న నెవాడా రాష్ట్రంలోని కార్సన్ సిటీలో జేమ్స్ కార్బెట్, బాబ్ ఫిట్జ్‌సిమన్స్ తలపడిన పోటీని ఎనాక్ రెక్టర్ మామూలు కంటే వెడల్పైన 63 మిల్లీమీటర్ల ఫిలింపై చిత్రించాడు. ప్రదర్శన గంటన్నరకు పైగా సాగిన ఆ చిత్రంలో దెబ్బలతో పాటు, పోటీకి ముందటి పరిచయాలూ రౌండ్ల మధ్య నిమిషం పాటు యోధులు సేదతీరే విరామాలూ ఉండటం విశేషం. పద్నాలుగో రౌండులో పొట్ట పైభాగాన తగిలిన గుద్దుకు కార్బెట్ కూలిన క్షణం కోసమే జనం వచ్చారు కాని, ఆ క్షణం కోసం ఎదురుచూడటమెలాగో వారికి నేర్పినవి మాత్రం ఆ ఖాళీ నిమిషాలే.

కృష్ణా తీరానికి చలనచిత్రం చేరిన క్రమం కూడా ఈ కాలానికి దగ్గరిదే. మచిలీపట్నంలో 1869లో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య, బొమ్మకు గ్రామఫోను శబ్దాన్ని జతచేసే క్రోనోమెగాఫోన్ యంత్రాన్ని కొని దక్షిణాదిలోనూ, సింహళ, బర్మా దేశాల్లోనూ ప్రదర్శనలిచ్చాడు. బెజవాడలో మారుతి సినిమా హాలు 1921లో వెలిసింది. ఆ పక్కనే ఉన్న గుణదల కొండపై 1924లో ఫాదర్ అర్లాటి మేరీమాత విగ్రహాన్ని నెలకొల్పాడు. ఏటా ఫిబ్రవరిలో లక్షల మందిని రప్పించే ఉత్సవమూ, తెలుగు సినిమా వ్యాపారానికి కేంద్రమైన పట్టణమూ ఇలా దాదాపు ఒకే కాలంలో ఎదిగాయి.

అమెరికాలో మాత్రం అప్పటికే బాక్సింగ్ చిత్రాలు చట్టంతో తలపడుతున్నాయి. 1910 జూలై 4న రీనో పట్టణంలో నల్లజాతి విజేత జాక్ జాన్సన్, అతన్ని ఓడించడానికే విశ్రాంతి జీవితం వదిలి తిరిగొచ్చిన తెల్లజాతి యోధుడు జిమ్ జెఫ్రీస్ తలపడటానికి ముందే ఇరువురి శిబిరాలకూ కెమెరాలు వెళ్లాయి. శిబిరమంటే పోటీకి ముందు కొన్ని వారాలు యోధుడు తన శిక్షకులతో బసచేసి సాధన చేసే చోటు. అప్పటి ఫిలింకు ఎండ కావాలి, సాధన ఆరుబయటే జరిగేది; కనుక శిబిరం కెమెరాకు అనుకూలించింది. జాన్సన్ పదిహేనో రౌండులో గెలిచాడు. ఆ గెలుపు తరువాత అనేక నగరాల్లో నల్లవారిపై దాడులు జరిగాయి. చాలా చోట్ల చిత్రాన్ని నిషేధించారు. 1912లో బాక్సింగ్ చిత్రాలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించడాన్నే నేరం చేస్తూ వచ్చిన చట్టం 1940 దాకా అమలులో ఉంది. ఒక మనిషి చర్మం రంగును చూసి చేసిన ఆ చట్టం సినిమా చరిత్రకు మాయని మచ్చ.

పోటీకి ముందటి గంటలే కథావస్తువు కాగలవని నిరూపించినది స్టాన్లీ క్యూబ్రిక్ తొలి లఘుచిత్రం 'డే ఆఫ్ ద ఫైట్' (1951). అంతకుముందు 'లుక్' పత్రికకు ఫొటోగ్రాఫర్‌గా వాల్టర్ కార్టియర్ అనే మిడిల్‌వెయిట్ బాక్సర్‌ను చిత్రించిన క్యూబ్రిక్, అతని ఒక రోజును తెల్లవారిన దగ్గర నుంచి రాత్రి పోటీ దాకా అనుసరించాడు. పదహారు నిమిషాల ఆ చిత్రంలో పోటీ చివరి కొద్ది నిమిషాలే. కవల సోదరుడు విన్సెంట్‌తో గుడికి వెళ్లి దివ్యసత్ప్రసాదం స్వీకరించడం, వైద్య పరీక్ష, అద్దం ముందు నిలబడి, రాత్రికి ఎలా మారుతుందో తెలియని తన ముఖాన్ని తానే తడిమి చూసుకోవడం, చర్మం చిట్లకుండా వేజలీన్ రాయించుకోవడం తక్కినదంతా. పరీక్షకో శస్త్రచికిత్సకో ముందు గుణదల కొండ ఎక్కి కొవ్వొత్తి వెలిగించేవారికి ఆ ఉదయపు ప్రార్థన ఏమాత్రం పరాయిది కాదు. బాక్సింగ్‌పై వచ్చిన ఎన్నో పెద్ద చిత్రాల కంటే ఈ చిన్న చిత్రమే ఎక్కువ నిజం చెప్పింది, ఎందుకంటే ఇందులో భయానికి మాటలు లేవు, అది చేతి కదలికల్లోనే ఉంది.

2007లో ఆస్కార్ డి లా హోయా, ఫ్లాయిడ్ మేవెదర్ పోటీకి ముందు హెచ్‌బీఓ ప్రసారం చేసిన నాలుగు భాగాల ధారావాహిక ఈ పద్ధతిని టెలివిజన్ వ్యాపారంగా స్థిరపరచింది. పోటీని విడిగా సొమ్ము చెల్లించి చూడవలసిన రోజులు కనుక, ఇల్లు, కుటుంబం, వ్యాయామశాల చూపించే ఈ భాగాలు ఆ అమ్మకానికి ప్రచారంగానూ పనిచేశాయి.

తెలుగునాట ఈ పనిని కల్పిత కథ చేపట్టింది. 2017లో సుధా కొంగర దర్శకత్వంలో వచ్చిన 'గురు' సినిమాలో బాక్సింగ్ శిష్యురాలిగా నటించిన రితికా సింగ్ నిజజీవితంలోనూ కిక్‌బాక్సర్ కావడం వల్ల ఆమె పాదాల కదలిక నటనలా అనిపించదు. నిజమైన తెలుగు బాక్సర్లకు మాత్రం కెమెరా వెలుగు ఆలస్యంగా అందుతోంది. నిజామాబాద్‌లో శిక్షకుడు సంసముద్దీన్ దగ్గర గ్లవ్స్ తొడిగిన నిఖత్ జరీన్, వృత్తి బరిలో కాక అమెచ్యూర్ విభాగంలో, 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయిన తరువాత స్వాగతాలు, పూలదండలు, ఊరేగింపులు విరివిగా కెమెరాకెక్కాయి. ఆ పతకానికి ముందటి ఉదయపు పరుగులు, బరువు తగ్గించుకోవడానికి తినకుండా ఉన్న పూటలు, అరచేతి చుట్టూ గుడ్డపట్టీని వేళ్ల సందుల్లోంచి లాగి మణికట్టు దగ్గర బిగించిన క్షణాలు కూడా భద్రపరచవలసిన తెలుగు చరిత్రే.