మహేంద్రగిరి వాలులో రెండో చావు

ప్రాచీన ఈజిప్టులో చనిపోయినవాళ్లకు ఉత్తరాలు రాసేవారు. ఇంట్లో జబ్బు వదలకపోయినా, ఆస్తి తగాదా ముదిరినా గతించిన తండ్రికో భార్యకో మట్టి గిన్నె లోపలివైపు సిరాతో మొర రాసి, సమాధి దగ్గర పెట్టేవారు. నాలుగు వేల ఏళ్ల నాటి అలాంటి గిన్నెలు మ్యూజియాల్లో ఉన్నాయి. తానేం తప్పు చేశానని ఇలా బాధిస్తున్నావంటూ పోయిన భార్యను నిలదీసిన ఓ భర్త ఉత్తరం హాలెండ్‌లోని లైడెన్‌లో ఉంది. వాటికి జవాబులు మాత్రం లేవు.

జవాబులొచ్చిన చోటు మనకు దగ్గరే. పలాస దాటి ఉద్దానం జీడితోటల్లోంచి పడమటికి చూస్తే మహేంద్రగిరి కొండల వరస కనిపిస్తుంది. మందస, మెళియాపుట్టి, పాతపట్నం మీదుగా ఒడిశాలోకి సాగే ఆ కొండల్లో సవరలున్నారు. వాళ్ల సంప్రదాయంలో మనిషి పోయాక మాటలు ఆగవు. కుడాన్ అనే పూజారి పూనకంలోకి వెళితే పోయినవాళ్లు ఆ నోటితో మాట్లాడతారు. చుట్టూ కూర్చున్న బంధువులు ఏడుస్తారు, దెబ్బలాడతారు, ఎలా పోయావని అడుగుతారు, కల్లు పోస్తారు. కొత్తగా పోయినవాళ్లు తమను చంపిన జబ్బునే బతికున్నవాళ్లకు అంటిస్తారని నమ్మకం. అందుకే దున్నను బలిచ్చి, రాయి నిలిపి, ఏళ్ల తరబడి మాట్లాడి మాట్లాడి ఆ బాధను చల్లారుస్తారు. చల్లారాక వాళ్లే ఇంటిని కాపాడే పెద్దలవుతారు, వాళ్ల పేరు పసిబిడ్డకు పెడతారు. గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ బొమ్మ వాళ్లకు ఇల్లు.

ఈజిప్టువాళ్లకు అన్నిటికంటే పెద్ద భయం రెండో చావు. న్యాయదేవత మాఆత్ ఈకతో తూచినప్పుడు గుండె బరువని తేలితే అమ్మిత్ అనే రాక్షసి దాన్ని మింగేస్తుంది, ఇక ఆ మనిషికి ఉనికే ఉండదు. సమాధుల్లో పెట్టిన మంత్రాల్లో కొన్ని అచ్చంగా దీన్ని తప్పించడానికే. సవరలకూ రెండో చావుంది. కాని అందులో భయం లేదు. పాతాళంలో చాలాకాలం గడిపిన పెద్దలు అక్కడా చనిపోయి సీతాకోకచిలుకలవుతారు. వాళ్లకిక జ్ఞాపకాలుండవు, బతికున్నవాళ్లతో పనీ ఉండదు. దుఃఖానికి కూడా ఆయుష్షు ఉంటుందని ఇంత దయగా చెప్పిన ఊహ నాకు మరెక్కడా కనబడలేదు.

సవరల ఈ నమ్మకాల మీద మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద గ్రంథం వెలువరించారు. 1975 నుంచి ఒడిశా వైపు సవర ఊళ్లలో ఉంటూ, వాళ్ల భాష నేర్చుకుని ఆ సంభాషణలను విన్న బ్రిటిష్ మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ఒక పుస్తకం, 2017లో మరొకటి రాశారు. రెండోది రాసేనాటికి అక్కడి యువతరం బాప్టిస్టులై, పోయినవాళ్లతో మాట్లాడటం మానేసింది.

ఈ పరిశోధనకు దారి వేసినవారు మన గిడుగు రామమూర్తి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకున్నారు. వ్యావహారిక భాషోద్యమం వెనక ఈ పని మరుగున పడిపోవడం అన్యాయం. భాషలకూ ఇలాంటి చావుంది. ఈజిప్టు చిత్రలిపిలో మనకు తెలిసిన ఆఖరి శాసనం 394లో ఫైలే గుడిలో చెక్కారు. 1822లో షాంపోలియన్ ఛేదించేదాకా ఆ లిపి చదివే దిక్కు లేకపోయింది. సవరకు ఆ గతి పట్టకముందే గిడుగు 1931లో వ్యాకరణం అచ్చువేయించారు. 1938లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, నిఘంటువూ తెచ్చారు.