గాలి నింపిన చికిత్స నుంచి గాలి తీసే చికిత్సకు: ఊపిరితిత్తుల శస్త్రచికిత్స, కోలుకునే కాలం – పల్నాటి దృష్టితో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: ఊపిరితిత్తికి శస్త్రచికిత్స జరిగిన తరువాత ఛాతీలోకి గాలి కారడం రోగి కోలుకునే కాలాన్ని నిర్ణయించే ముఖ్యాంశం. తెలుగునేలపై క్షయ శానటోరియాల కాలం నుంచి నేటి దాకా ఈ గాలి పట్ల వైద్యుల దృష్టి ఎలా మారిందో, కోలుకోవడాన్ని కొలిచే ప్రమాణం ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం వివరిస్తుంది. పల్నాటి శ్రామికుని దృష్టి నుంచి ఆ కొలతను పునఃపరిశీలిస్తుంది.

కీలకపదాలు: క్షయ, ఆరోగ్యవరం, గాలి లీకు, ఛాతీ గొట్టం, కోలుకునే కాలం, పల్నాడు.

ఉపోద్ఘాతం

ఊపిరితిత్తిని చుట్టి రెండు పలుచని పొరలుంటాయి. ఆ పొరల నడుమ ఉండే పీడనం బయటి గాలి పీడనం కంటే తక్కువ. అందువల్లనే ఊపిరితిత్తి ఛాతీగోడను అంటిపెట్టుకొని విప్పారి ఉంటుంది. ఆ నడిమి చోటులోకి గాలి చేరితే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఒకప్పుడు వైద్యులు కావాలనే ఆ గాలిని పంపి ఊపిరితిత్తిని ముడిచేవారు. నేడు అదే గాలిని బయటికి తీయడానికి రోజులు లెక్కపెడుతున్నారు. ఈ రెండు దశల మధ్య సాగిన చరిత్రలో తెలుగు ప్రాంతానికి గణనీయమైన పాత్ర ఉంది.

1. గాలి మందుగా ఉన్న కాలం

క్షయ సోకిన ఊపిరితిత్తికి విశ్రాంతి కల్పిస్తే పుండు మానుతుందన్న భావనతో ఇటలీ వైద్యుడు కార్లో ఫోర్లానీని 1882లో కృత్రిమంగా గాలి నింపే పద్ధతిని ప్రతిపాదించాడు. సూదితో పొరల నడుమకు గాలిని పంపేవారు. అది క్రమంగా రక్తంలో కలిసిపోయేది కాబట్టి నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ నింపవలసి వచ్చేది.

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో 1915 నుంచి పనిచేసిన యూనియన్ మిషన్ క్షయ శానటోరియం ఈ చికిత్సకు దక్షిణభారతంలో ప్రధాన కేంద్రాలలో ఒకటి. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి పర్యవేక్షకులలో ప్రముఖుడు. ఆయన తరువాత బాధ్యత వహించిన పి.వి. బెంజమిన్ అనంతరకాలంలో భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారుగా పనిచేశాడు. గాలి నింపడం ఫలించని వారికి పక్కటెముకలు తొలగించి ఛాతీగోడనే లోపలికి వాల్చే శస్త్రచికిత్స చేసేవారు.

గాలి నింపే పద్ధతికి పెద్ద ఆటంకం ఊపిరితిత్తి ఛాతీగోడకు అతుక్కుపోవడం. ఆ అతుకులను కోయడానికి స్వీడన్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ యాకోబేయస్ 1910 తరువాతి కాలంలో ఛాతీలోకి చూసే గొట్టాన్ని ఉపయోగించాడు. నేడు చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే ఊపిరితిత్తుల శస్త్రచికిత్సకు మూలం అదే. క్షయ కోసం పుట్టిన సాధనం క్షయ తగ్గుముఖం పట్టాక వేరే అవసరాలకు నిలిచింది.

2. గొట్టం, సీసా, బుడగ

ఛాతీలోంచి గాలిని, చీమును తీసే విద్యకు వేరొక పాయ ఉంది. 19వ శతాబ్ది చివరి భాగంలో జర్మనీ వైద్యుడు గోట్‌హార్డ్ బ్యూలావ్ ఛాతీ గొట్టం రెండవ కొసను నీటిలో ముంచి ఉంచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. లోపలి గాలి నీటిలో బుడగలుగా బయటికి వస్తుంది. బయటి గాలి లోపలికి పోదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో ఛాతీలో చీము పట్టిన సైనికుల మరణాలను పరిశీలించిన అమెరికా సైనిక సంఘంలో ఎవార్ట్స్ గ్రాహమ్ సభ్యుడు. తొందరపడి ఛాతీని తెరవకుండా గొట్టంతో మూసిన పద్ధతిలో తీయడం మేలని ఆ పరిశీలన తేల్చింది. ఆ గ్రాహమే 1933లో క్యాన్సర్ రోగికి ఒక పక్క ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించి చరిత్రకెక్కాడు. గాలిని అదుపు చేయడం తెలిశాకనే ఊపిరితిత్తిని కోసే ధైర్యం వచ్చిందని ఈ క్రమం సూచిస్తుంది.

భారతదేశంలో ఛాతీ శస్త్రచికిత్స ప్రత్యేక విభాగంగా రూపుదిద్దుకొన్నది వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో. 1940ల చివర రీవ్ బెట్స్ అక్కడ దానికి పునాది వేశాడు.

3. మందులు తెచ్చిన మార్పు

స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియాజిడ్ మందులు రావడంతో గాలి నింపే పద్ధతి కనుమరుగైంది. 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ రసాయన చికిత్సా కేంద్రం, ఇంటివద్ద మందులు వాడినవారిని, శానటోరియంలో ఉండి వాడినవారిని పోల్చి 1959లో ఫలితాలు ప్రకటించింది. మంచి ఆహారం, విశ్రాంతి ఉన్నవారికీ, పేదరికంలో ఇంటనే ఉన్నవారికీ ఫలితాలలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. కోలుకోవడమంటే నెలలకొద్దీ మంచంపై ఉండటమే అన్న నమ్మకం అక్కడ సడలింది.

గుంటూరు జిల్లాలోని మంగళగిరి శానటోరియం స్థలంలో నేడు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిలవడం ఈ మార్పుకు స్థానిక నిదర్శనం. దానికి 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. అయితే శస్త్రచికిత్స అవసరం పోలేదు. మానిన క్షయ మిగిల్చిన గుహలు, రక్తం పడటం, చీము, క్యాన్సర్ వంటివి దానిని నిలిపి ఉంచాయి. క్షయ వల్ల గోడకు గట్టిగా అతుక్కున్న ఊపిరితిత్తిని విడదీసేటప్పుడు దాని ఉపరితలం చిరిగే అవకాశం ఎక్కువ. అందుకే మన రోగులలో గాలి లీకు ప్రత్యేకంగా గమనించవలసిన సమస్య.

4. రోజుల లెక్క

శస్త్రచికిత్స తరువాత అయిదు రోజులు దాటినా గాలి కారుతూ ఉంటే దానిని దీర్ఘకాలిక లీకుగా పరిగణించడం పరిపాటి. గొట్టం ఉన్నంతకాలం నొప్పి ఉంటుంది, దగ్గడం కష్టమవుతుంది, నడక తగ్గుతుంది, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. సీసాకు యంత్రంతో పీల్పు కలపాలా, నీటి మూతతోనే వదలాలా అన్నది పరిశోధకుల మధ్య పెద్ద చర్చ. 2001లో అమెరికాలో రాబర్ట్ సెర్ఫోలియో బృందం పీల్పు ఆపితే లీకు త్వరగా మూసుకొంటుందని చూపింది. 2004లో ఇటలీలో అలెస్సాండ్రో బ్రునెల్లి బృందానికి లీకు కాలంలో అలాంటి తేడా కనిపించలేదు.

బుడగను కంటితో చూసి అంచనా వేయడంలో వైద్యునికీ వైద్యునికీ తేడా వస్తుంది. గాలి ప్రవాహాన్ని అంకెలలో చూపే పరికరాలు అందుకే వచ్చాయి. 381 మంది రోగులతో వివిధ దేశాలలో జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో, అంకెల పరికరం వాడినవారు సగటున ఒక రోజు ముందుగా ఇంటికి వెళ్లారు. 2019లో ఐరోపా సంఘాలు వెలువరించిన మార్గదర్శకాలు నొప్పి నివారణ, త్వరగా నడిపించడం, గొట్టాన్ని త్వరగా తీయడం వంటి అంశాలను ఒకే క్రమంలో చేర్చాయి.

5. పల్నాటి కొలత

ఈ పరిశోధనలన్నీ కోలుకోవడాన్ని ఆసుపత్రి రోజులతో కొలుస్తాయి. పల్నాడుకు ఆ కొలత చాలదు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా ఏర్పడింది. కానీ పెద్ద శస్త్రచికిత్సకు మాచర్ల, గురజాల రోగులు నేటికీ గుంటూరు వైపే చూడవలసి వస్తుంది. మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్లకు పైబడిన దూరం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల ప్రాంతపు సున్నపురాయి గనులు, మిరప కల్లాలు, పత్తి చేలు ఇక్కడి శ్రమకు నెలవులు. ఇవి దుమ్ముతోనూ బరువుతోనూ కూడిన పనులు. ఇంటికి చేరిన రోజు ఇలాంటి శ్రామికునికి పనిలోకి వెళ్లే రోజు కాదు.

గొట్టంతోనే రోగిని ఇంటికి పంపే వీలు 1960లలో హెన్రీ హైమ్‌లిక్ రూపొందించిన ఒకవైపు కవాటంతో ఏర్పడింది. దానివల్ల ఆసుపత్రి రోజులు తగ్గుతాయి. అయితే గొట్టం చుట్టూ శుభ్రత పాటించడం, ఊపిరి ఆడకపోతే వెంటనే వైద్యుని చేరడం దూరపు ఊళ్లలో కుటుంబంపై పడే భారం. ఆసుపత్రి లెక్కలో అది లాభం. ఇంటి లెక్కలో అది బదిలీ అయిన పని.

ఈ రెండవ లెక్కను పాలనావ్యవస్థ గుర్తించిన సందర్భం ఒకటుంది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పేరిట శస్త్రచికిత్స తరువాతి విశ్రాంతికాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 రూపాయల పరిమితితో భృతి ప్రకటించింది. చికిత్స ఖర్చుతోపాటు పోయిన కూలీ కూడా వ్యాధి భారమేనని ఈ నిర్ణయం అంగీకరించింది.

ముగింపు

శానటోరియం కాలంలో కోలుకోవడానికి కొలత నెలల విశ్రాంతి. మద్రాసు పరిశోధన ఆ కొలతను రోగి ఇంటి వాకిట నిలిపి పరీక్షించింది. నేటి గాలి లీకు పరిశోధన గొట్టం రోజులను, ఆసుపత్రి రోజులను కొలుస్తున్నది. 1959 నాటి అధ్యయనం రోగి జీవనస్థితినే పరీక్షాంశంగా తీసుకొన్న సంగతి ఇక్కడ గమనార్హం. గొట్టం తీసిన తరువాత ఎన్నాళ్లకు ఊపిరి నిలిచి శ్రమ చేయగలిగాడన్నది కూడా ఫలితంగా నమోదైనప్పుడే పల్నాటి రోగి ఈ పరిశోధనలో సంపూర్ణంగా చోటు పొందుతాడు. సీసాలో బుడగ ఆగడం వైద్యపరంగా లీకు ముగిసినదానికి గుర్తు. కోలుకోవడం ముగిసినదానికి గుర్తు మాత్రం రోగి మళ్లీ పనికి వెళ్లగలగడమే.