ఫోటో నక్కో బేటా!

మొన్నామధ్య ఓ ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గరికి వెళ్ళాం. మా టీమ్‌లో ఒకతనికి పెళ్ళి కుదిరింది, ఆ జంటకి ఫోటోలు తియ్యాలి. ఆఫీసులో కెమెరా ఉన్న పాపానికి ఇలాంటి పనులన్నీ నాకే తగులుతాయి :) ఆరున్నరకే అక్కడ మాలాంటి బృందాలు నాలుగైదు ఉన్నాయి. ఒకమ్మాయి గౌను అంచు పట్టుకోడానికి ఇద్దరు, రిఫ్లెక్టర్ పట్టుకోడానికి ఒకడు, పావురాల్ని లేపడానికి ఇంకొకడు. 1591లో కట్టిన కట్టడం ముందు మేమంతా వంతులవారీగా నిలబడ్డాం.

మా పని అయ్యేసరికి తొమ్మిది దాటింది. లాడ్ బజార్‌లోకి నడిచాం. ఆ వీధి చార్మినార్‌కి పడమర వైపు ఉంటుంది కాబట్టి, పొద్దున పూట అందులోంచి చార్మినార్ వైపు చూస్తే వెలుగు ఎదురుగా వస్తుంది. ఇంకా తెరవని ఒక షాపు మెట్టు మీద ఓ పెద్దావిడ కూర్చుని గాజుల్ని సైజులవారీగా దారానికి గుచ్చుతోంది. ఆ వెలుగులో గాజులు మెరుస్తున్నాయి. నేను ఆలోచించకుండా కెమెరా ఎత్తి నొక్కేశా. ఆవిడ చున్నీ మొహం మీదకి లాక్కుని "ఫోటో నక్కో బేటా" అంది.

"వీళ్ళకి ఫోటోలంటే పడదులే" అన్నాడు మావాడు. నేనూ తలూపేశా. కానీ ఇంటికొచ్చాక ఆ తలూపడమే నన్ను ఇబ్బంది పెట్టింది. ఎందుకంటే ఇదే ఊళ్ళో 130 ఏళ్ళ క్రితం జరిగిన కథ నాకు తెలుసు.

లాలా దీన్ దయాళ్ పేరు మీరు వినే ఉంటారు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. 1870ల్లో ఫోటోల పిచ్చి పట్టుకుంది. తర్వాత ఆ ఉద్యోగం వదిలేశాడు. (మనలో చాలామంది కల ఇదే. మనం ఈఎమ్ఐలు కట్టుకుంటూ ఉండిపోయాం, ఆయన వెళ్ళిపోయాడు.) ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకున్నాడు, "ముసవ్విర్ జంగ్" అని బిరుదిచ్చాడు. తస్వీర్ అన్న మాటా, ముసవ్విర్ అన్న మాటా ఒకే ధాతువులోంచి వచ్చాయి. సికింద్రాబాదులో ఆయన స్టూడియో వెలిసింది. 1897లో విక్టోరియా రాణి నుంచి కూడా గుర్తింపు పత్రం వచ్చింది.

ఇంతకీ అప్పట్లో ఫోటో దిగడమంటే పగటిపూట పని. స్టూడియో అంటే అద్దాల పైకప్పో, పెద్ద అద్దాల గోడో ఉన్న గది. నేరుగా ఎండ పడకుండా వెలుగు మాత్రం రావాలని అద్దాలు ఉత్తరం వైపు పెట్టేవాళ్ళు. వెలుగు ఎక్కువైతే తెర జరపడం, తక్కువైతే తెల్లగుడ్డ అడ్డుపెట్టి మొహం మీదకి మళ్ళించడం. 1851లో వచ్చిన కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకి మందు పూసి, తడి ఆరేలోపే ఫోటో తీసి, కడిగెయ్యాలి. మొహం కదలకుండా మెడ వెనక ఇనుప స్టాండు పెట్టేవాళ్ళు. 1880లకల్లా రెడీమేడ్ డ్రై ప్లేట్లు విరివిగా దొరకడం మొదలయ్యాక ఈ తిప్పలు చాలావరకు తగ్గాయి. అయినా పగటి వెలుగు అవసరం మాత్రం పోలేదు.

అసలు చిక్కు ఇక్కడే. ఫోటోకి వెలుగు కావాలి. పర్దా పాటించే ఆడవాళ్ళకి పరాయి చూపు పడకూడదు. వెలుగుని రానిచ్చి చూపుని ఆపడం ఎలా? 1892లో దీన్ దయాళ్ హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు. కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ నిర్వహణ. లోపల పనిచేసేదీ ఆడవాళ్ళే. అంటే ఫోటో దిగాలన్న కోరిక ఆ ఇళ్ళలో ఉంది. లేకపోతే వ్యాపారం తెలిసినవాడు అంత ఖర్చు పెట్టి గోడలు కట్టడు కదా!

మన భాషలో చెప్పాలంటే అది యాక్సెస్ కంట్రోల్. ఎవరు తీస్తారు, ఎవరు చూస్తారు అనేవి ముందే తేల్చుకుని, ఆ తర్వాతే కెమెరా ముందు కూర్చోవడం. 1892లో ఒక ఫోటోగ్రాఫర్‌కి అర్థమైన ఈ రిక్వైర్‌మెంట్, రోజూ పర్మిషన్ల కోడ్ రాసే నాకు ఆ ఉదయం తట్టలేదు. అయితే ఆ గోడలు డబ్బున్న ఇళ్ళ ఆడవాళ్ళకే అందుబాటులో ఉండేవన్నది కూడా మరిచిపోకూడదు. గాజులమ్ముకునే ఆవిడకి అప్పుడైనా, ఇప్పుడైనా ఉన్న గోడ తన చున్నీ ఒక్కటే.

అన్నట్టు, ఆ రోజు అక్కడితో అయిపోలేదు. నేను వెనక్కెళ్ళి, తీసిన ఫోటో ఆవిడకి స్క్రీన్ మీద చూపించా. కళ్ళు చిట్లించి చూసి "బాగుంది" అని తెలుగులోనే అంది. తర్వాత "ఇది ఎక్కడికి పోతది?" అనడిగింది. నా దగ్గర జవాబు లేదు. సాయంత్రానికి నెట్‌లో పెట్టేవాణ్ణి. అక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో నాకూ తెలీదు. ఈ రోజుల్లో ఏ మెషీన్‌కి మేతవుతుందో కూడా తెలీదు. ఆవిడ ముందే డిలీట్ చేశా. ఆవిడ మళ్ళీ గాజులు గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

దీన్ దయాళ్ గాజు నెగటివ్‌లు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. తీసినవాడికి 2006లో తపాలా బిళ్ళ కూడా వచ్చింది. తీయించుకున్నవాళ్ళకి మాత్రం దక్కాల్సింది ఒక్కటే: ఆ ఫోటో ఎక్కడికి పోతుందో అడిగే హక్కు. ఆవిడ ఆ ప్రశ్న అడిగింది. నేనే ముందు అడగాల్సిన మాట అడగలేదు.

ఆ ఫోటో చాలా బాగా వచ్చింది, నిజం చెప్తున్నా. పోయినందుకు ఇప్పటికీ కొంచెం బాధే.